మందు పశువుకు పోస్తున్నారు, గోమార్లు గోడలో ఉన్నాయి

సంపాదకులకు,

వానలు పడ్డాయంటే హనుమకొండ, కాజీపేట కాలనీల్లోనూ, చుట్టుపక్కల ఊళ్ల కొట్టాల్లోనూ గోమార్ల బాధ మొదలైనట్టే. కుక్క చెవిలోనో బర్రె పొదుగు దగ్గరో కనబడగానే సీసా తెచ్చి ఒళ్లంతా మందు కొడతారు. కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తాయి. నకిలీ మందు అంటగట్టాడని దుకాణదారును తిట్టుకుంటారు. చాలాసార్లు మందులో లోపం ఉండదు. మందు కొట్టిన రోజున గోమార్లలో ఎక్కువ భాగం పశువు మీద ఉండవు, అంతే.

కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి బతుకంతా గోడకూ కుక్కకూ మధ్యే తిరుగుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్లు. కుక్క రక్తం తాగి రాలిపడి, ఏదో సందులో దాక్కుని, పొర వదిలి ఎనిమిది కాళ్లతో బయటికొస్తుంది. మళ్లీ ఎక్కి తాగుతుంది, మళ్లీ రాలుతుంది. మూడో విడత తాగిన ఆడది ఆముదం గింజంత ఉబ్బి, బూడిదరంగుకు తిరిగి, గోడ ఎక్కి పగుల్లో దూరుతుంది. అక్కడ వేల గుడ్లు పెట్టి చస్తుంది. బండల సందులు, తలుపు చట్రం వెనక, కుక్క పడుకునే గోనెసంచి మడతలు, ప్రహరీ పక్కన పేర్చిన ఇటుకలు, కట్టెలు దాని ఇళ్లు. తిండి లేకున్నా నెలల తరబడి బతుకుతుంది. అందుకే ఎన్నాళ్లో తాళం వేసి ఉన్న ఇంట్లో దిగినవారికీ గోమార్లు ఎదురవుతాయి. విసుగొచ్చి కుక్కను వెళ్లగొడితే ఇంకా చేటు. ఆకలి మీదున్న గోమార్లు మనుషుల వైపు మళ్లుతాయి.

పశువుల గోమార్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి సుమారు మూడు వారాలు పశువు మీదే పెరిగి, గుడ్లకు మాత్రమే నేల మీదికి దిగుతుంది. పిల్లలు గడ్డి కొసలకు చేరి పశువు కోసం కాచుకుంటాయి. రెండోది కొట్టం గోడల్లో కాపురం ఉంటుంది. సంకరజాతి ఆవులకు థైలీరియా జ్వరం తెచ్చేది ఇదే. 2011లో గుజరాత్‌లో మనుషుల్లో బయటపడిన కాంగో జ్వరాన్ని మోసేవీ ఈ జాతి గోమార్లే. చేత్తో నలిపితే ఆ వైరస్ చర్మం మీది గాయాల ద్వారా ఒంట్లోకి పోవచ్చు. గోళ్లతో చిదిమే అలవాటు ఎవరికున్నా మానుకోవాలి.

ఇక పని వరుస. ముందు చెత్త, పాత గోనెలు, ఆకులు తీసి కాల్చాలి, గడ్డివాముకు దూరంగా. గడ్డి కురచగా కోసి నేలకు ఎండ తగలనివ్వాలి. కట్టెల కుప్పను గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా పెట్టాలి. ఆ తర్వాతే మందు. డెల్టామెత్రిన్ 1.25 శాతం మందైతే పశువు ఒంటికి లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు. గోడలకు ఎంతో సీసా మీద వేరుగా ఉంటుంది, అది చూసి కలపాలి. తక్కువ కలిపితే బలహీనమైనవి చచ్చి మొండివి మిగులుతాయి, వాటి సంతానానికి ఆ మందు పనిచేయదు. పంపు నాజిల్‌ను పొగమంచులా కాక సన్నని ధారలా తిప్పి, పగుల్లోకి మందు దిగేలా కొట్టాలి. మందుకు గుడ్లు చావవు కాబట్టి రెండు వారాలకు మరోసారి తప్పదు. పగుళ్లను సిమెంటుతో పూడ్చడం, సున్నం వేయడం ఆ రెండో విడత తర్వాతే. చాలామంది పండక్కు సున్నం కొట్టి, మర్నాడే మందు కొడతారు. సున్నపు క్షారానికి ఈ మందు విరిగిపోతుంది, డబ్బు దండగ.

పశువుకు ముందు కడుపునిండా నీళ్లు తాపి, చల్లటి పూట మందు కొట్టాలి. చెవి లోపలి అంచులు, గంగడోలు, తోక కింద, తొడల సందు మరవద్దు. ఒళ్లు ఆరేదాకా నాకనీయొద్దు, పాలు పిండే ముందు పొదుగు కడగాలి. మిగిలిన మందు, పంపు కడిగిన నీళ్లు కుంటలో పోస్తే చేపలు చస్తాయి.

పత్తి పండే మన ప్రాంతంలో మరో ప్రమాదం ఉంది. చేనుకు తెచ్చిన పురుగుమందు మిగిలితే బర్రెకు కొట్టేస్తున్నారు. మోనోక్రోటోఫాస్ లాంటివి చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి. చొంగ కారి, కండరాలు వణికి, గంటల్లో పశువు పడిపోవచ్చు. అలా జరిగితే సబ్బునీళ్లతో ఒళ్లు కడిగి వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయాలి.

కుక్కలకు మాత్రలు వచ్చాయి. ఫ్లురలనర్ ఒక మోతాదుకు 12 వారాల దాకా, అఫోక్సోలనర్ నెలపాటు పనిచేస్తాయి. బరువును బట్టి డాక్టరే రాయాలి. మాత్ర వేసిన కుక్కను వాకిట్లో తిరగనిస్తేనే మేలు, ఎక్కిన గోమారి రక్తం తాగి చస్తుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పర్మెత్రిన్ మందులు వాడొద్దు, పిల్లికి అవి విషం. కోళ్లు గోమార్లను తింటాయన్నది నిజమే గానీ రాత్రి పగుల్లోంచి దిగేవాటిని నిద్రపోయే కోడి ఏం చేస్తుంది?

మనిషికి కరిస్తే కిరోసిన్, అగ్గిపుల్ల, వాసెలిన్ జోలికి పోవద్దు. సన్నమొన చిమటాతో చర్మానికి ఆనుకుని పట్టి, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగి స్పిరిట్‌లో వేయాలి. మామూలు నీళ్లలో వేస్తే అంత తొందరగా చావదు. రెండు వారాల్లోపు జ్వరమో దద్దుర్లో వస్తే గోమారి కరిచిన సంగతి డాక్టరుకు చెప్పాలి. అడగకపోయినా సరే.

దోమల కోసం వదిలే పొగతో ఇవి చావవు. గల్లీలో ఒక్క ఇల్లే మందు కొట్టుకున్నా, పక్కింటి కుక్క తెచ్చి రాల్చిపోతుంది. పంచాయతీలు, వార్డు కమిటీలు ఒక తేదీ, రెండు వారాలకు ఇంకో తేదీ ముందే చాటింపు వేయించి, గల్లీ మొత్తం ఒకేరోజు మందు కొట్టేలా చూడాలి. వీధికుక్కలు పడుకునే బస్‌స్టాపు అరుగులను, పాడుబడ్డ గోడలను ఆ జాబితాలో చేర్చాలి.

— పశుసంవర్ధక రంగంలో పనిచేస్తున్న కొందరు, హనుమకొండ