కైలాసగిరిపై ఒక ఫొటో స్తంభం కావాలి

సంపాదకుడు గారికి,

కైలాసగిరి ఎక్కి ఫొటో తీయకుండా దిగేవాళ్లు అరుదు. కింద తెన్నేటి పార్కు, వంపు తిరిగిన బీచ్ రోడ్డు, దూరాన డాల్ఫిన్స్ నోస్ కొండ. అదే దృశ్యాన్ని ఒకే చోటు నుంచి నెలనెలా తీస్తూ పోతే కొండకు, తీరానికి ఏమవుతోందో ఊరంతటికీ తెలుస్తుంది. ఇందుకు విశాఖ మెట్రోపాలిటన్ ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) నైరుతి వైపు రెయిలింగ్ పక్కన, ఫోన్ ఆనించడానికి వీలైన స్తంభం ఒకటి నాటితే చాలు. సిడ్నీ బీచ్‌ల దగ్గర 2017లో కోస్ట్‌స్నాప్ పేరుతో ఇలాంటివి పెట్టారు. సందర్శకులు పంపే ఫొటోలతోనే అక్కడ ఇసుక హెచ్చుతగ్గులు లెక్కగడుతున్నారు.

చేత్తో పట్టుకుని తీస్తే కుదరదు. ఒక్క అడుగు పక్కకు జరిగినా దగ్గరి కొమ్మ దూరపు కొండ మీద నుంచి తప్పుకుంటుంది, రెండు ఫొటోలు ఒకదానిపై ఒకటి కూర్చోవు. స్తంభం వచ్చేదాకా తీసేవాళ్లు రెయిలింగ్‌లోని ఒక కడ్డీని, డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌ను ఒకే గీతలోకి తెచ్చుకోవాలి. జూమ్, వైడ్ రెండూ వద్దు, ఒన్ ఎక్స్ చాలు. గ్రిడ్ పెట్టుకుని సముద్రపు అంచును ఒక గీతకు ఆనించాలి. ఫిల్టర్లు వాడితే ఎండిన గడ్డి కూడా పచ్చగా కనిపిస్తుంది కాబట్టి వాటి జోలికి పోవద్దు.

వేళ ముఖ్యం. ఉదయం వెలుతురు ఎడమ పక్క, వెనక నుంచి పడుతుంది. డిసెంబరు సాయంత్రం సూర్యుడు నైరుతికి దిగి నేరుగా లెన్స్‌లోకి కొడతాడు. జూన్ మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు, నీడలు చిక్కి కొండ ఎత్తుపల్లాలు తెలియవు. అందుకని ఉదయం ఎనిమిది మేలు.

అందరూ మరిచిపోయేది ఆటుపోట్లు. పోటు వేళ తీసిన ఫొటోను పాటు వేళ తీసినదాని పక్కన పెట్టి బీచ్ కోసుకుపోయిందనో పెరిగిందనో అంటే తప్పు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ప్రతి అమావాస్యకు ఎనిమిదింటికే తీస్తే నీరు ఇంచుమించు ఒకే మట్టంలో దొరుకుతుంది. ఈ లెక్క మన మత్స్యకారులకు కొత్తేమీ కాదు. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం మట్టమే కొంత పెరుగుతుంది గనుక ఆ నెలలను మరుసటి ఏడాది అవే నెలలతోనే పోల్చాలి. ఫోన్‌లో ఆర్కే బీచ్ చిన్నదిగా పడుతుంది, లాసన్స్ బే ఒడ్డు మాత్రం బాగా తెలుస్తుంది.

వేసవిలో ఏసీ కారు దిగగానే తీస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఉప్పు గాలికి లెన్స్ జిడ్డుగా మారుతుంది. ముందు దుమ్ము ఊది, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవాలి. లేకపోతే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. చలికాలం ఉదయాల్లో మంచు కమ్మి డాల్ఫిన్స్ నోస్ కనిపించకపోయినా తీయాల్సిందే, అదీ ఆ రుతువు లెక్కే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ కొండ పచ్చదనాన్ని ఊడ్చేసింది. ఏ వాలులో చెట్లు తిరిగి లేచాయో, ఏ వాలులో ఒట్టి గడ్డే మిగిలిందో చెప్పాలంటే ఒకే చోటు నుంచి తీసిన ఫొటోల వరుసే కావాలి. నాటిన మొక్కల సంఖ్య చూపిస్తే సరిపోదు, ఏప్రిల్, మే ఎండలకు అవి నిలిచాయా లేదా అన్నది కనిపించాలి.

స్తంభానికి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. 304 రకం సముద్రపు గాలికి త్వరగా తుప్పు మచ్చలు తేలుతుంది. ఫోన్ పెట్టే గాడి చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకూ అందాలి. పక్కన బోర్డు మీద ఫొటో పంపాల్సిన చిరునామా రాయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరమూ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపమని అక్కడే రాయించాలి. వచ్చిన ఫొటోలను తేదీల వారీగా అందరూ చూసేలా ఉంచాలి. ఈ పని తుపాన్ల కాలం మొదలయ్యేలోపు జరిగితే, ముందు ఎలా ఉండేదో చూపించే ఫొటోలు కూడా మన చేతిలో ఉంటాయి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం