రేపు మీటింగ్ రూమ్ వీడియో సిస్టమ్ సెట్టింగ్స్

అందరికీ నమస్కారం. రేపు ఉదయం 10 నుంచి 11 వరకు వీడియో సిస్టమ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ మారుస్తున్నాం. ఆ గంటలో మీటింగ్ ఉన్నవాళ్లు ఈరోజే టైమ్ మార్చుకోండి.

సెట్టింగ్స్ చూసేవాళ్లకు: వైఫై వద్దు, కేబులే పెట్టండి. సిప్‌కి (కాల్ కలిపే పద్ధతి) టీఎల్ఎస్ (మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడేది) ఆన్ చేసి, ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్‌కి కాపలా) 5061 పోర్టు, అంటే దారి, తెరవండి. ఆడియో, వీడియోలు వెళ్లే యూడీపీ పోర్టులు విడిగా తెరవాలి. అది మర్చిపోతే కాల్ కలుస్తుంది కానీ బొమ్మా రాదు, మాటా రాదు. పోయినసారి అరగంట "హలో, హలో" అనుకున్నది ఇందుకే!

ఎన్‌టీపీ సర్వర్ (సిస్టమ్ గడియారాన్ని సరిగ్గా ఉంచేది) కూడా పెట్టండి. సిస్టమ్‌లో టైమ్ తప్పుంటే టీఎల్ఎస్ సర్టిఫికెట్ చెల్లదంటుంది, కారణం తెలియక జుట్టు పీక్కోవాలి.

మార్చే ముందు పాత సెట్టింగ్స్ ఫోటో తీసుకోండి. పాస్‌వర్డ్‌లు మాత్రం గ్రూపులో పెట్టకండి, ప్లీజ్.

11కి టెస్ట్ కాల్. బయటి నెట్ నుంచి ఇద్దరు కలవాలి. ఎవరు కలుస్తారో ఈ సాయంత్రంలోగా చెప్పండి.