టీవీ అట్టపెట్టె మీద ఆ ఒక్క ముక్క రాయించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను తాడేపల్లిగూడెంలో ఇరవై రెండేళ్లుగా ఇళ్లకు కరెంటు వైరింగ్ చేస్తున్నాను. ఒకప్పుడు ఫ్యాను తిరగడం లేదనో, మోటారు కాలిపోయిందనో పిలిచేవారు. ఇప్పుడు వారానికి మూడు నాలుగు ఫోన్లు ఒకటే మాట మీద వస్తున్నాయి: "టీవీలో నెట్ రావట్లేదండీ, చక్రం తిరుగుతోంది." నెట్ కనెక్షన్లు ఇచ్చేది నేను కాదు. అయినా ఇంట్లో ఏ తీగ పని అయినా నాదే అనుకుని నన్నే పిలుస్తారు. వెళ్లి చూస్తున్నకొద్దీ తెలిసిందేమిటంటే, ఇందులో జనం తప్పు చాలా తక్కువ. టీవీ ఏ రకం వైఫైని అందుకుంటుందో, నెట్ టీవీ దాకా ఎంత వేగంతో చేరుతుందో, డబ్బు తీసుకునేవాళ్లు ముందు చెప్పాల్సిన ఈ రెండు మాటలు చెప్పకపోవడమే అసలు గొడవ. దసరాకు స్మార్ట్ టీవీలు కొనేవాళ్లు వేలల్లో ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల ఒక మామ్మగారింటికి వెళ్లాను. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. సెలవులకు వచ్చినప్పుడు అమ్మకు 43 అంగుళాల టీవీ కొనిపెట్టి, 100 ఎంబీపీఎస్ వేగం ఉన్న ఫైబర్ నెట్ కనెక్షన్ పెట్టించి వెళ్లాడు. ఆవిడకు కావలసింది ఒక్కటే. మధ్యాహ్నం యూట్యూబ్‌లో ఎస్వీబీసీ పెట్టుకుని శ్రీవారి కల్యాణోత్సవం చూడాలి. సరిగ్గా మాంగల్యధారణ వేళకి బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతోందట. "రిమోట్‌లో నేనే ఏదో నొక్కేసి పాడుచేశానేమో బాబూ, అబ్బాయికి చెప్పకు" అన్నారు. నెట్ ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశారు. రెండుసార్లు ఒక కుర్రాడొచ్చి, వైఫై ఇచ్చే పెట్టె, అంటే రౌటర్, పక్కనే నిలబడి తన ఫోన్లో స్పీడ్ చూసి, "96 వస్తోందండీ మామ్మగారూ, మా వైపు ప్రాబ్లమ్ లేదు, టీవీ వాళ్లకు చెప్పండి" అని వెళ్లిపోయాడు. టీవీ షాపువాళ్లేమో "మీ నెట్ చూపించుకోండి" అన్నారు.

టీవీలోనే స్పీడ్ పరీక్ష పెట్టి చూస్తే 3 వచ్చింది. రౌటర్ ఎక్కడుందా అని వెతికాను. వీధి స్తంభం నుంచి ఫైబర్ పడకగది కిటికీ దగ్గర లోపలికి వచ్చింది. వచ్చిన చోటే, ఇనప బీరువా వెనక గోడకు రౌటర్ బిగించేశారు. టీవీ హాల్లో. మధ్యలో బీరువా, తొమ్మిదంగుళాల గోడ, ఆ గోడకు నిలువుటద్దం. ఇనుము వైఫైని పోనివ్వదు, అద్దం వెనక ఉండే పూత కూడా అంతే. తీగ ఎక్కడ దగ్గరైతే అక్కడ పెట్టి వెళ్లారు తప్ప, "టీవీ ఎక్కడ పెడతారు మామ్మగారూ?" అని ఒక్క మాట అడిగినవాడు లేడు. రౌటర్ వెనక మీటరున్నర ఫైబర్ చుట్ట చుట్టి వదిలేసి ఉంది. దాన్ని మడత పడకుండా మెల్లగా విప్పి, రౌటర్‌ను గుమ్మం పైనున్న సజ్జ మీదికి ఎక్కించాను. రౌటర్‌లో వైఫై ఛానెల్‌ను, అంటే తరంగాలు పోయే వరుసను, 6 నుంచి 11కు మార్చాను. టీవీలో 3 ఉన్నది 31 అయింది. పదిహేను నిమిషాల పని. దానికోసం ఆవిడ రెండు నెలలు తనదే తప్పనుకుని కూర్చున్నారు.

ఆ ఇంట్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ టీవీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే అందుకోగలదు. వైఫైకి మన ఇళ్లలో ముఖ్యంగా రెండు దారులున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ పాతది, మన దేశంలో 2005లో లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు. గోడలు దాటి కొంత దూరం పోతుంది కానీ ఇరుకు. ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్లు 1, 6, 11, ఆ మూడే. అపార్టుమెంటులో ఇరవై వాటాల రౌటర్లూ ఆ మూడింటిలోనే కొట్టుకోవాలి. బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ వాడే తరంగాలూ అక్కడే. 5 గిగాహెర్ట్జ్ విశాలమైనది. 2018 అక్టోబరులో కేంద్రం అందులో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. వేగం బాగా వస్తుంది, గోడ అడ్డొస్తే మాత్రం త్వరగా నీరసిస్తుంది. అంటే హాల్లోనే రౌటర్ ఉంటే 5 మేలు, రెండు గోడల అవతల ఉంటే 2.4 గతి. ఏది వాడాలో ఇంటిని బట్టి తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే టీవీలో రెండూ ఉండాలి, ఉన్నాయో లేదో కొనేముందే తెలియాలి.

తక్కువ ధర టీవీలు చాలావాటిలో 2.4 ఒక్కటే ఉంటోంది. ఆ ముక్క అట్టపెట్టె మీద కనబడదు. "వైఫై" అని మాత్రం పెద్దక్షరాలతో ఉంటుంది. షాపులో అడిగితే "అన్నీ ఉన్నాయండీ" అంటారు. ఇంకో తికమక రౌటర్ పేర్లతో. పేరు చివర "5జీ" అని కనబడుతుంది కదా, అది 5 గిగాహెర్ట్జ్ దారికి గుర్తు. దాన్ని ఫోన్లలో వచ్చే 5జీ అనుకుని, సిమ్ మార్చుకోవాలేమో అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఆ పేరు టీవీలో కనబడకపోతే టీవీ పాడైందని మెకానిక్‌ను పిలిచినవాళ్లూ ఉన్నారు.

తెలియజేయడం కష్టమా అంటే కానే కాదు. వైఫై ఉన్న వస్తువును మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం ఉండాలి. ఆ వస్తువు ఏ ఫ్రీక్వెన్సీల్లో పనిచేస్తుందో ఆ కాగితాల్లో చెప్పాల్సిందే. కంపెనీకి తెలుసు, ప్రభుత్వానికి తెలుసు, పదిహేను వేలు పోసి కొనేవాడికే తెలియదు. ధర, తయారైన నెల, తయారీదారు పేరు అట్టపెట్టె మీద ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల శాఖ నిబంధనలే చెబుతున్నాయి. కరెంటు ఎంత కాలుతుందో తెలిపే స్టార్ లేబుల్ చూసి జనం ఫ్రిజ్‌లు ఎంచుకోవడం నేర్చుకున్నారు. అలాగే "వైఫై: 2.4 మాత్రమే" లేదా "వైఫై: 2.4, 5 రెండూ" అని ఒక్క వరుస తెలుగులోనూ రాయించమని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖను కోరుతున్నాను. సెట్‌టాప్ బాక్సులకూ, టీవీకి తగిలించే స్టిక్కులకూ ఇదే వర్తించాలి.

రెండోది నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్లకు. మామూలు హెచ్‌డీ బొమ్మకు 5 ఎంబీపీఎస్, 4కేకు 15 చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతారు. కాబట్టి వంద, రెండు వందలు అని ప్లాన్లు అమ్మడం కంటే, టీవీ దగ్గరికి ఆ పదిహేను చేరుతోందా లేదా అన్నది ముఖ్యం. కనెక్షన్ పెట్టిన రోజే టీవీ ముందు నిలబడి కొలిచి, ఆ అంకె రసీదు మీద రాసి సంతకం చేయాలి. కరెంటు మీటరు బిగించినవాడు రీడింగ్ రాసి వెళ్తాడు కదా, ఇదీ అంతే. ఈ నియమం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టాలి. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, నెట్, ఫోన్ మూడూ ఇస్తామని స్తంభాల మీదుగా పల్లెలకు తీగలు లాగారు. మంచి పని. కానీ గుమ్మం దాకా వచ్చిన నెట్‌ను గదిలోకి తీసుకెళ్లే బాధ్యత అప్పుడూ ఇప్పుడూ ఎవరిదీ కాకుండా పోయింది.

"వైరు లాగేస్తే పోలేదా" అని అడుగుతారు. లాగగలిగిన చోట నేనూ అదే చెబుతాను. అద్దె ఇళ్లలో ఓనర్లు గోడకు గాడి కొట్టనివ్వరు. పట్టణాల్లో ప్రభుత్వ సంస్థ టిడ్కో పేదలకు కట్టిన ఇళ్లయితే షియర్‌వాల్ పద్ధతి, గోడలే కాంక్రీటు. బరువంతా వాటి మీదే ఉంటుంది, వాటిలో గాడి కొట్టకూడదు. అలాంటి ఇళ్లలో ఉండేవాళ్లకు గాలిలో వచ్చే వైఫై తప్ప దిక్కు లేదు. వాళ్లకే తక్కువ ధర టీవీలు, వాళ్లకే గట్టి గోడలు. నెట్ ఆగినప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటారు. హెచ్‌డీలో గంట చూస్తే 3 జీబీ దాకా అయిపోతుంది. రోజుకు 2 జీబీ ప్లాను సినిమా సగం కాకముందే ఖాళీ.

ఇంకొందరు వైఫైని అందుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండర్ కొంటారు. కొని, తీసుకెళ్లి టీవీ పక్కనే పెడతారు. సిగ్నలే రాని చోట ఎక్స్‌టెండర్ పెట్టడమంటే ఎండిపోయిన కాలువలో మోటారు దించడమే. రౌటరుకూ టీవీకీ నడుమ, సిగ్నల్ ఇంకా బాగున్న చోట పెట్టాలి. చౌక రకాలు అందుకోవడం, పంపడం ఒకే ఛానెల్‌లో చేస్తాయి కాబట్టి వేగం సగానికి పడిపోతుందని కూడా తెలుసుకోవాలి. కరెంటు వైర్లలోంచే నెట్ పంపే అడాప్టర్లూ ఉన్నాయి. అవి నా పనికి దగ్గర కాబట్టి చెబుతున్నాను: రెండు సాకెట్లూ ఒకే ఫేజ్ మీద ఉంటేనే బాగా పనిచేస్తాయి. త్రీఫేజ్ ఇళ్లలో హాలు ఒక ఫేజ్, పడకగది ఒక ఫేజ్ వేస్తాం. స్పైక్ బోర్డులో గుచ్చినా వేగం దెబ్బతింటుంది. మీ వైరింగ్ చేసినవాణ్ని అడగకుండా వాటి మీద డబ్బు పెట్టకండి.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు ఒక విన్నపం. స్లాబు వేసేటప్పుడే తీగ వచ్చే చోటి నుంచి టీవీ గోడ దాకా ఒక ఖాళీ పైపు వేయించండి. ఖర్చు కొన్ని వందలే.

ఈ పండక్కి టీవీ కొనేవాళ్లు లేబుల్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. షాపులోనే పరీక్షించవచ్చు. మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌కు వెళ్లి బ్యాండ్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. తర్వాత ఆ టీవీలో వైఫై పేర్ల జాబితా తెరిపించండి. మీ ఫోన్ పేరు అందులో కనబడితే ఆ టీవీలో రెండు దారులూ ఉన్నట్టే. కనబడకపోతే బిల్లు వేయించే ముందు ఇంకో మోడల్ చూపించమనండి.

ఇట్లు,
ఇళ్ల వైరింగ్ చేసే ఒక పాఠకుడు,
తాడేపల్లిగూడెం