వార్షిక నివేదిక 2016–17: వెంబ్లీ దాకా వెళ్ళొచ్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందే సెక్రటరీ రిపోర్ట్ అందరి చేతికి రావాలని మన నియమావళిలో ఉంది, అందుకే రాస్తున్నా. ఆ రూల్ లేకపోయినా ఈ ఏడాది మాత్రం రాసేదాన్నే, ఎందుకంటే ఈసారి జరిగింది ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే ఎవరు ఎంత కష్టపడ్డారో రెండేళ్ళు పోతే ఎవరికీ గుర్తుండదు.

మామూలు కార్యక్రమాలు ముందు చెప్పేస్తా. బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి, హేవళంబి ఉగాది అన్నీ జరిగాయి, బాగానే జరిగాయి. బతుకమ్మకి ఇక్కడ ఇంగ్లండ్‌లో తంగేడు దొరకదు కాబట్టి చామంతులతోనే సరిపెట్టాం, పేర్చిన అక్కలకి థాంక్స్. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఇండియా నుంచి ఎండబెట్టి తెచ్చిన డాక్టర్ గారి అత్తగారికి ప్రత్యేకంగా నమస్కారాలు. శనివారం తెలుగు బడి ఏడాదంతా ఆగకుండా నడిచింది, కాకపోతే సీజన్ మధ్యలో క్లాసుని మధ్యాహ్నం నుంచి పొద్దుటికి మార్చాం. మూడింటికి సౌత్ షీల్డ్స్ ఫుట్‌బాల్ క్లబ్ గ్రౌండ్ మారినర్స్ పార్కులో మ్యాచ్ ఉంటే పిల్లలు గుణింతాలు చదవరు, గడియారం చూస్తారు. టీచర్లు ఇద్దరూ కోప్పడకుండా ఒప్పుకున్నారు, పైగా వాళ్ళు కూడా మ్యాచ్‌కి వచ్చారు.

ఇక అసలు విషయం. సౌత్ షీల్డ్స్ ఫుట్‌బాల్ క్లబ్ ఎఫ్ఏ వాజ్ గెలిచింది, మన సంఘం ఆ సీజన్ అంతా వాళ్ళతో ఉంది, ఫైనల్‌కి బస్సు వేసుకుని లండన్‌లోని వెంబ్లీ స్టేడియానికి వెళ్ళింది.

కొత్తగా చేరిన స్టూడెంట్స్, నర్సింగ్ ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు చాలామంది అడిగారు ఈ వాజ్ ఏంటి అని, వాళ్ళ కోసం కొంచెం చెప్తా. ఎఫ్ఏ అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, వాళ్ళు నడిపే ఎఫ్ఏ కప్ అందరికీ తెలిసిందే. పెద్ద లీగుల కింద ఉండే క్లబ్బులకి ఎఫ్ఏ ట్రోఫీ ఉంది, వాళ్ళకన్నా కింద, అంటే ఇంగ్లండ్ లీగుల నిచ్చెనలో తొమ్మిదో మెట్టు దగ్గర్నుంచి కిందకి ఉన్న క్లబ్బులకి ఎఫ్ఏ వాజ్. 1974లో పాత అమెచ్యూర్ కప్ ఆగిపోయాక 1974–75లో దీన్ని మొదలుపెట్టారు. దేశం నలుమూలల నుంచి వందల క్లబ్బులు దిగుతాయి, ఓడితే ఇంటికే. ఆడేవాళ్ళలో చాలామంది పగలు వేరే పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్ళు. ఫైనల్ మాత్రం వెంబ్లీలో. వారం వారం మనకి నాలుగడుగుల దూరంలో కార్నర్ కొట్టే కుర్రాడు మేలో వెంబ్లీలో ఆడతాడన్నమాట, ఈ కప్పులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇంకో సంగతి, మన నార్త్ ఈస్ట్ ఇంగ్లండ్‌కి ఈ కప్పు మీద పెద్ద పట్టు ఉంది. 2009, 2010, 2011 విట్లీ బే వరసగా గెలిచింది, 2012 డన్‌స్టన్, 2013 స్పెన్నీమూర్, 2015 నార్త్ షీల్డ్స్, 2016 మార్పెత్, ఇప్పుడు 2017 మనం. మధ్యలో 2014 ఒక్కటే జారింది, అప్పుడు కూడా ఫైనల్లో ఓడింది వెస్ట్ ఆక్లాండ్, మన పక్కవాళ్ళే. 9 ఏళ్ళలో 8 సార్లు! దీనికి కారణం ఉంది. ఈ టీములన్నీ ఆడిన లీగు నార్తర్న్ లీగ్, 1889లో పుట్టింది, దాని క్లబ్బులు చాలా ఏళ్ళు పై లీగుకి ప్రమోషన్ వచ్చినా వద్దనుకునేవి, ఎందుకంటే పైకి వెళ్తే ప్రతి రెండో వారం బస్సు ఖర్చు, ప్లేయర్లు ఉద్యోగాలకి సెలవు పెట్టుకోవాలి, అంత స్తోమత ఎక్కడుంది. అలా గట్టి టీములన్నీ ఇదే లీగులో ఉండిపోవడంతో వాజ్‌కి వచ్చేసరికి మిగతా ప్రాంతాలవాళ్ళు తట్టుకోలేకపోయారు.

సౌత్ షీల్డ్స్ కథ దీనికన్నా గొప్పది. 2013 నుంచి 2015 దాకా ఈ క్లబ్‌కి సొంత ఊళ్ళో ఆడుకోడానికి గ్రౌండే లేదు, హోమ్ మ్యాచ్‌లు పీటర్లీ వెళ్ళి ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు కూడా వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. 2015లో జెఫ్ థాంప్సన్ క్లబ్‌ని, గ్రౌండ్‌ని తీసుకున్నాక ఊరికి తిరిగొచ్చారు. సండర్‌లాండ్, మిడిల్స్‌బరోలకి ఆడిన అర్జెంటీనా ఆటగాడు హూలియో ఆర్కా అప్పటికి పబ్ టీముతో సండే లీగ్ ఆడుకుంటున్నాడు, ఆయన్ని తెచ్చుకున్నారు, తర్వాత ఆయనే కెప్టెన్. 2015–16లో నార్తర్న్ లీగ్ రెండో డివిజన్ గెలిచారు, ఈ ఏడాది మొదటి డివిజన్, లీగ్ కప్, డరమ్ ఛాలెంజ్ కప్, వాజ్, మొత్తం నాలుగూ ఒకే సీజన్లో. వరసగా 32 మ్యాచ్‌లు గెలిచారు. మేనేజర్లు గ్రాహమ్ ఫెంటన్, లీ పిక్టన్ ఇద్దరికీ మన సంఘం తరఫున అభినందన లేఖ పంపాం.

మనం ఎలా ఇందులోకి వచ్చామంటే, తెలుగు బడి పిల్లల్లో ముగ్గురు నలుగురు స్కూల్ ఫ్రెండ్స్‌తో మ్యాచ్‌లకి వెళ్ళడం మొదలుపెట్టారు, వాళ్ళని దింపడానికి వెళ్ళిన నాన్నలు గేటు దగ్గర వెనక్కి తిరగలేదు, తర్వాత అమ్మలు, తర్వాత ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలు. చలికాలంలో వాజ్ రౌండ్లు నడుస్తుంటే మన గ్రూపులో మెసేజ్‌లు సినిమాల గురించి తగ్గిపోయి డ్రా గురించి, అంటే తర్వాతి రౌండ్‌లో ఎవరితో పడుతుందా అని, ఎక్కువయ్యాయి. మార్చిలో సెమీఫైనల్ కోల్‌షిల్ టౌన్‌తో, రెండు లెగ్గులు, ముందు బర్మింగ్‌హామ్ దగ్గర వాళ్ళ ఊళ్ళో, తర్వాత మన దగ్గర. ఇక్కడి లెగ్ రోజు మెట్రోలో బీడ్ స్టేషన్ దగ్గర దిగిన జనాన్ని చూసి నాకు తిరణాల గుర్తొచ్చింది. అప్పటిదాకా నాతో ఎప్పుడూ గుడ్ మార్నింగ్ తప్ప మాట్లాడని పక్కింటి పెద్దాయన ఆ రోజు గోల్ పడగానే నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు, ఇప్పుడు ఆయన భార్య మా ఇంటి గారెలకి పర్మనెంట్ మెంబర్.

మే 21 ఆదివారం వెంబ్లీ. వాజ్ ఫైనల్ మధ్యాహ్నం 12:15కే కాబట్టి ఇక్కడ తెల్లారకముందే బయల్దేరాలి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, ఉడకబెట్టిన గుడ్లు, అన్నీ రాత్రంతా కూర్చుని పొట్లాలు కట్టిన అక్కచెల్లెళ్ళకి ఈ సంఘం రుణపడి ఉంది. హాస్పిటల్లో నైట్ డ్యూటీ చేసి యూనిఫాం మీదే కోటు వేసుకుని బస్సెక్కిన ఇద్దరు నర్సమ్మలకి ఇంకా ఎక్కువ. క్లబ్ రంగులు మెరూన్, నీలం. మన పెద్దావిడ ఒకరు తన మెరూన్ జరీ చీర ఇచ్చేశారు బ్యానర్ కోసం, పిల్లలు దానిమీద నీలం గుడ్డతో "సౌత్ షీల్డ్స్" అని తెలుగు అక్షరాల్లో కత్తిరించి కుట్టారు. డ ఒత్తు ఒకటి వంకరగా వచ్చింది, ఎవరికీ అభ్యంతరం లేదు.

బస్సులో మన సీనియర్ డాక్టర్ గారు మైక్ తీసుకుని హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి చెప్పారు. 1950 నుంచి 1954 దాకా వరసగా రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము, 1956 ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ దాకా తీసుకెళ్ళిన మన కోచ్ రహీమ్ సాబ్. బస్సులో ఉన్న పిల్లల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలీదు, నిజం చెప్పాలంటే పెద్దవాళ్ళలో కూడా సగం మందికి తెలీదు. తెలుగు బడిలో వచ్చే ఏడాది డాక్టర్ గారిని దీని మీద ఒక క్లాసు తీసుకోమని కమిటీ తరఫున అడిగాం, ఒప్పుకున్నారు.

మ్యాచ్ సంగతి అందరికీ తెలుసు కానీ రాయకుండా ఉండలేను. క్లీథోర్ప్స్ టౌన్ మీద 4–0. హాఫ్ టైమ్‌కి ముందు కార్ల్ ఫినిగన్ పెనాల్టీ కొట్టాడు, అప్పటిదాకా మా వరుసలో ఎవరూ పొట్లం కూడా విప్పలేదు. రెండో హాఫ్‌లో డిలన్ మోర్స్, ఆ తర్వాత డేవిడ్ ఫోలీ రెండు. నాలుగో గోల్‌కి వెంబ్లీలో మన చీర గాల్లో ఉంది, ఆ ఫోటో మన హాల్లో పెట్టాలని నా ప్రతిపాదన, సమావేశంలో చర్చకి పెడుతున్నా. అదే టికెట్ మీద తర్వాత ట్రోఫీ ఫైనల్ కూడా ఉంది కాబట్టి సగం మంది ఉండి యార్క్ సిటీ మాకిల్స్‌ఫీల్డ్‌ని 3–2తో ఓడించడం కూడా చూశారు. యార్క్ అంతకుముందు నెలలోనే నేషనల్ లీగ్ నుంచి కిందకి పడిపోయింది, అయినా వాళ్ళ జనం అంతమంది వచ్చారు, అది చూసి మన పిల్లలు కూడా చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు కొంచెం చేదు. బస్సుకి పేర్లిచ్చి డబ్బులు కట్టకుండా, చివరి రాత్రి రావట్లేదని మెసేజ్ పెట్టినవాళ్ళ వల్ల ఖాళీ సీట్ల భారం సంఘం మీద పడింది. ఆ సీట్లు కావాలని స్టూడెంట్స్ వెయిటింగ్‌లో ఉన్నారు, ముందు రోజు చెప్పినా సరిపోయేది. వాలంటీర్ల లిస్టులో పేర్లు చాలా ఉన్నాయి, కుర్చీలు సర్దేటప్పుడు, గిన్నెలు కడిగేటప్పుడు కనిపించేది ఎప్పుడూ ఆ ఐదారుగురే. వాళ్ళూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే, వాళ్ళకీ చిన్న పిల్లలున్నారు. ఫోటోల టైముకి వేదిక ఎక్కడానికి మాత్రం అందరూ ఉంటారు. నేను పేర్లు రాయను, కానీ ఇది చదివేటప్పుడు ఎవరి గురించో వాళ్ళకి తెలుస్తుంది. మనకి హాలు అద్దెకిచ్చే ఆఫీసువాళ్ళు ఉగాదికి ముందు బుకింగ్ మార్చేసి మన ఈమెయిళ్ళకి జవాబు కూడా ఇవ్వలేదు, ప్రెసిడెంట్ గారు స్వయంగా వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడితేగానీ పని అవలేదు. ఆయన ఓపికకి దండం.

లెక్కలు ట్రెజరర్ గారు విడిగా ఇచ్చిన షీట్లో ఉన్నాయి, ఆడిట్ అయింది, బ్యాలెన్స్ కొద్దిగానే అయినా మిగులులోనే ఉంది, డౌట్లు ఉంటే సమావేశంలో అడగండి. బస్సు ఖర్చులో కొంత భరించిన డాక్టర్ల బృందానికి, మంచినీళ్ళు, బిస్కెట్లు ఇచ్చిన మన కిరాణా షాపు అన్నయ్యకి, టికెట్లు అందరివీ ఒకేచోట వచ్చేలా క్లబ్‌తో మాట్లాడిన జాయింట్ సెక్రటరీకి, ఫోటోలు తీసిన తమ్ముళ్ళకి పేరుపేరునా ధన్యవాదాలు.

వచ్చే ఏడాది సంగతి. సౌత్ షీల్డ్స్‌కి ప్రమోషన్ వచ్చింది, నార్తర్న్ ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్తున్నారు, అందుకని గెలిచిన వాజ్‌ని నిలబెట్టుకోడానికి ఆడే అవకాశం వాళ్ళకి లేదు, ఇకమీదట ఎఫ్ఏ ట్రోఫీ. కొందరు సభ్యులు అడుగుతున్నారు, మన సరదా ఇక అయిపోయినట్టేనా అని. నా అభిప్రాయం అయితే అస్సలు కాదు. అవే మ్యాచ్‌లు ఇంకా దూరం వెళ్తాయి, మనం బస్సు ఇంకా ముందుగా బుక్ చేసుకోవాలి, అంతే. దానికి ఒక చిన్న ప్రయాణాల కమిటీ వెయ్యాలని ప్రతిపాదిస్తున్నా, ముగ్గురు చాలు, కానీ నిజంగా పనిచేసే ముగ్గురు కావాలి. పేరు ఇచ్చేవాళ్ళు సమావేశానికి వచ్చి ఇవ్వండి, గ్రూపులో బొటనవేలు బొమ్మ పెడితే లెక్కలోకి తీసుకోను. మెంబర్‌షిప్ రెన్యువల్ చెయ్యనివాళ్ళు ఆ రోజే ట్రెజరర్ గారి టేబుల్ దగ్గర కట్టేయండి, కట్టినవాళ్ళకే ఓటు.

ఇట్లు,
కార్యదర్శి