కారు కొనేముందు కిలోమీటర్లు లెక్కపెట్టుకోమని రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

దసరా, దీపావళి దగ్గరపడేసరికి మీ పేపర్లో కార్ల పేజీలు పెరుగుతాయి. దేనికి సన్‌రూఫ్ ఉంది, దేని స్క్రీన్ ఎంత పెద్దది, కంపెనీ చెప్పిన మైలేజీ ఎంత, అన్నీ వివరంగా వేస్తారు. కానీ నెలకు ఐదారు వందల కిలోమీటర్లు తిరిగే ఇంటివాళ్లు పెట్రోలు కొనాలా, డీజిలా, గ్యాసా, కరెంటా అన్న మాట మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. ఆ మాట చెప్పేవాళ్లు లేకే మేం మూడేళ్ల కింద పెట్రోలు బండి కంటే లక్షా నలభై వేలు ఎక్కువ పెట్టి డీజిల్ బండి తెచ్చుకున్నాం. అందుకే రాస్తున్నాను, కాస్త పొడుగైనా వేయండి.

మాది నిజాంపేట. మా ఆయన ఆఫీసు హైటెక్ సిటీలో, పిల్లల స్కూలు ఇంటికి రెండు కిలోమీటర్లు, నేను అమీర్‌పేటలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, మెట్రోలో వెళ్తాను. మాతో అత్తయ్య ఉంటారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఊరు సూర్యాపేట పక్కన, ఏడాదికి మూడు నాలుగు సార్లు వెళ్తాం. కారు కొనకముందు కూడా మా తిరుగుడు ఇంతే. ఎంత తిరుగుతారు, ఎక్కడ తిరుగుతారు అని షోరూమ్‌లో ఎవరూ అడగలేదు, మాకూ తట్టలేదు. సేల్స్ అబ్బాయి "డీజిల్ తీసుకోండి మేడమ్, మైలేజీ ఇరవై దాటుతుంది" అన్నాడు, మా బావగారు "డీజిలే మేలు, రేపు అమ్ముకున్నా రేటు పలుకుతుంది" అన్నారు. ఆయనది పాత రోజుల లెక్క, ఆ రోజుల్లో అది నిజమే కూడా. సరే అని సంతకం పెట్టేశాం.

ఐదో నెలలో డాష్‌బోర్డు మీద నారింజ రంగు దీపం వెలిగింది. సైలెన్సర్ బొమ్మ, లోపల చుక్కలు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం, వెనక పిల్లలు, పక్కన అత్తయ్య, బండి ఎక్కడ ఆగిపోతుందో అని ఒకటే టెన్షన్. మా ఆయన గ్లవ్ బాక్సులోంచి మాన్యువల్ తీసి నా చేతికిచ్చారు, నేను ఆ బొమ్మ వెతికి చదివాను. డీపీఎఫ్ అట. ఆ పేరు వినడం మాకు అదే మొదటిసారి.

2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బళ్ల పొగ మీద బీఎస్-6 నిబంధనలు వచ్చాయి కదా, అప్పటి నుంచి డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ లాంటి ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటే అదే. అందులో చేరిన మసి ఎప్పటికప్పుడు కాలిపోవాలి. దానికి లోపల దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టాలి, అంటే బండి ఆగకుండా హైవే వేగంతో కాసేపు పరుగెత్తాలి. మా బండి పొద్దున చల్లటి ఇంజిన్‌తో బయల్దేరి రెండు కిలోమీటర్లలో స్కూలు దగ్గర ఆగుతుంది, తర్వాత జేఎన్‌టీయూ దగ్గర నత్తనడక, ఆఫీసులో మళ్లీ చల్లారిపోతుంది. మసి కాలే సందే లేదు. కాలడం మొదలై మధ్యలో మనం ఇంజిన్ ఆపేస్తే, కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగి ఆయిల్ పలచబడుతుంది కూడా.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే "ఓఆర్ఆర్ ఎక్కి అరగంట ఒకే స్పీడులో తిప్పుకురండి సార్" అన్నారు. అప్పటి నుంచి మూడు వారాలకోసారి ఆదివారం పొద్దున మా ఆయన దుండిగల్ దగ్గర ఆ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి పటాన్‌చెరు దాకా వెళ్లి వస్తారు. ఏ పనీ లేదు, ఎవర్నీ కలవరు. టోల్ కట్టి, డీజిల్ పోసి, మసి కాల్చుకుని రావడం. ఈ సంగతి కొనేముందు ఒక్కరు చెప్పినా మేం ఆ బండి కొనేవాళ్లం కాదు. సంతకం పెట్టించుకోకముందే ఇది చెప్పడం అమ్మేవాళ్ల బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక డబ్బు లెక్క. ప్రతిసారీ ట్యాంకు నిండా కొట్టించి రీడింగ్ డైరీలో రాస్తాను. మూడేళ్లలో తిరిగింది 21,600 కిలోమీటర్లు, నెలకు సరిగ్గా 600. సిటీలో మాకు లీటరుకు 15 వస్తోంది, ఇరవై దాటేది సూర్యాపేట వెళ్లినప్పుడే. ఇదే బండి పెట్రోలుది మా ఆఫీసులో ఒకరికి ఉంది, సిటీలో వాళ్లకు 12 వస్తుంది. 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గించాక మన దగ్గర పెట్రోలు 107 చిల్లర, డీజిల్ 96కి అటూ ఇటూ ఉండేది. ఆ లెక్కన కిలోమీటరుకు వాళ్లకు దాదాపు 8.90, మాకు 6.40 అవుతుంది. తేడా రెండున్నర రూపాయలు. మూడేళ్లలో మాకు మిగిలింది 54 వేలు, ముందు ఎక్కువ పెట్టింది లక్షా నలభై వేలు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే 56,000 కిలోమీటర్లు తిరగాలి, మా తిరుగుడుకు దాదాపు ఎనిమిదేళ్లు పడుతుంది, అదీ సర్వీసింగ్ ఖర్చు, ఆదివారం టోల్ వేయకుండా.

ఇలా అన్నానని డీజిల్ చెడ్డదని కాదు. వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్లి వచ్చేవాళ్లకు, నెలకు 1,500 పైన, అందులోనూ ఎక్కువ హైవే మీద తిరిగేవాళ్లకు అదే డబ్బు మూడేళ్లలో వచ్చేస్తుంది, ఫిల్టర్ గొడవా ఉండదు. మారుతి లాంటి కంపెనీయే 2020లో డీజిల్ కార్లు మానేసింది, సిటీలో చిన్న బండికి డీజిల్ ఎందుకో ఆ రోజే మేం ఆలోచించాల్సింది.

సీఎన్‌జీ, అంటే గ్యాస్ బండి సంగతి మా ఆడపడుచు వాళ్ల దగ్గర చూశాను, వాళ్లు ఉప్పల్లో ఉంటారు. రోజువారీ ఖర్చు బాగా తక్కువ, అందులో అనుమానం లేదు. అయితే ఢిల్లీ వాళ్ల లెక్కలు చూసి ఇక్కడ కొనకూడదు, అక్కడికంటే మన దగ్గర కిలో ధర ఎక్కువ. పోయిన సంక్రాంతికి అందరం ఊరెళ్లి వస్తుంటే మామయ్యగారు రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీ కట్టి ఇచ్చారు. డిక్కీ తెరిస్తే అంతా సిలిండరే. ఒక బస్తా వెనక సీటు కింద పిల్లల కాళ్ల దగ్గర పెట్టారు, జాడీ మా ఆడపడుచు చౌటుప్పల్ దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, తర్వాత మా బండిలోకి మార్చాం. 2023 నుంచి టాటా వాళ్లు పెద్ద సిలిండర్ బదులు రెండు చిన్నవి డిక్కీ అడుగున పెట్టి ఇస్తున్నారు, సామాను మోసేవాళ్లు అలాంటిది చూసుకోవాలి. గ్యాస్ నింపేటప్పుడు లోపలున్నవాళ్లంతా దిగాలి, మా అత్తయ్య లాంటి వాళ్లకు అది చిన్న విషయం కాదు. ప్రెషర్ తక్కువున్న బంకులో సగమే నిండుతుంది, ఆటోల వెనక మళ్లీ లైన్లో నిలబడాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే ఒత్తిడి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష చేయించాలి. బయట కిట్ పెట్టించుకుంటే ఆర్‌సీలో ఎక్కించాలి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి, లేకపోతే రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది.

ఎలక్ట్రిక్ కారు మా తమ్ముడు కొన్నాడు, వాడికి అది అచ్చంగా సరిపోయింది. మియాపూర్ నుంచి పోచారం, రానూపోనూ రోజుకు 80 కిలోమీటర్లు. ఒక యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది, యూనిట్ పది రూపాయలు వేసుకున్నా రోజుకు 135 దాటదు. అదే పెట్రోలు బండైతే ఏడొందలు. దానికి తోడు మన రాష్ట్రంలో 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ బళ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, జీఎస్టీ 5 శాతమే. వాడు పడ్డ కష్టమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే. తన పార్కింగ్ దగ్గర తన మీటరు నుంచి 15 ఆంప్స్ పాయింట్ లాక్కుంటానంటే అసోసియేషన్ వాళ్లు నాలుగు నెలలు ఒప్పుకోలేదు, నిప్పు అంటుకుంటుందని ఒకరు, అందరూ అడుగుతారని ఒకరు. ఇళ్ల దగ్గర సొంత చార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ కాగితం ప్రింట్ తీసి మీటింగ్‌లో పెడితే గానీ పని కాలేదు. ఇంటి దగ్గర చార్జింగ్ ఖాయం కాకుండా అడ్వాన్స్ కట్టొద్దని నేను అందరికీ చెప్తున్నాను. ఊరి ప్రయాణాలు ఎక్కువైతే పండగ రోజుల్లో దారిలో చార్జర్ కోసం ఎంతసేపు ఆగాల్సి వస్తుందో కూడా ముందే అనుకోవాలి.

మిగిలింది పెట్రోలు. మాలాంటి ఇళ్లకు చాలావరకు అదే సరిపోతుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపింది, ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది. పాత డిజైను కార్లలో 6-7 శాతం దాకా, దానికి తగ్గట్టు తయారైన వాటిలో 1-2 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే అంచనా వేసింది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లు దీన్ని తట్టుకునేలా వస్తున్నాయి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు తయారైన నెల, మాన్యువల్‌లో ఏ పెట్రోలు వాడమన్నారో చూసుకోవాలి. సిగ్నళ్ల మధ్యే బతికేవాళ్లకు పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ బాగుంటుంది కానీ దాని ధరకూ ఇదే లెక్క వేయాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటనివాటికి 18 శాతం, అది దాటితే 40. లైఫ్ ట్యాక్స్ కూడా ధరను బట్టి పెరుగుతుంది. కాబట్టి షోరూమ్ ధర కాదు, రెండు ఇంధనాలకూ పన్నులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోవాలి.

ఇంకొకటి చెప్పాలి, ఇంధనం గొడవలో పడి మేం అది కూడా మరిచాం. షోరూమ్‌కు అత్తయ్యను తీసుకెళ్లలేదు. ఎత్తుగా ఉంటే గుంతల్లో, వానాకాలం నీళ్లలో బాగుంటుందని ఎత్తు బండి కొన్నాం. ఇంటికి తెచ్చి కొబ్బరికాయ కొట్టాక ఆవిడ ఎక్కబోతే కాలు లేవలేదు. డోరు పట్టుకుని, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, రెండుసార్లు ప్రయత్నించి "నేను తర్వాత ఎక్కుతాలే అమ్మా, మీరు వెళ్లి రండి" అన్నారు. ఆ మాట నాకు ఇంకా చెవుల్లోనే ఉంది. ఇప్పుడు డిక్కీలో ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టుకున్నాం, ఎక్కడ ఆగినా మా అబ్బాయి ముందు దిగి అది వేస్తాడు. ఆవిడకు కావాల్సింది కాలు ఎత్తకుండా వెనక్కి కూర్చుని లోపలికి తిరిగేలా, మరీ ఎత్తు కాని సీటు. అది టెస్ట్ డ్రైవ్ రోజున ఒక్క నిమిషంలో తేలిపోయేది. అలాగే వెనక మధ్యలో కూర్చునేవాళ్లకు కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా, బండిని ఢీకొట్టించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో పిల్లల భద్రతకు విడిగా ఎన్ని స్టార్లు వచ్చాయి అని సన్‌రూఫ్ కంటే ముందు అడగాలి.

మీ కార్ల పేజీలో ప్రతి బండికీ ఒక చిన్న పట్టిక వేయమని నా విన్నపం. హైదరాబాద్ ఆన్‌రోడ్ ధర, ఆ వారం ఇక్కడి ఇంధనం ధర, సిటీలో నిజంగా వచ్చిన మైలేజీ, నెలకు 500, 1,000, 1,500 తిరిగితే ఎక్కువ పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు వస్తుంది. డీజిల్ అయితే ఫిల్టర్ సంగతి ఒక వాక్యం. పాఠకుల మైలేజీ లెక్కలు కూడా అడిగి వేయండి, చాలామంది పంపుతారు. మా డైరీలో మూడేళ్ల రీడింగులు తేదీలతో ఉన్నాయి, కావాలంటే జిరాక్స్ తీసి మీ ఆఫీసులో ఇచ్చి వెళ్తాను.

ఇట్లు
మీ పాఠకురాలు,
నిజాంపేట, హైదరాబాద్