పార్టీ పళ్లెంలో బజ్జీలకు బదులు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు అపార్టుమెంట్లలో పిల్లల పుట్టినరోజైనా, శనివారం సాయంత్రం నలుగురు కూడినా బయటి నుంచి బజ్జీలు, పఫ్‌లే వస్తున్నాయి. వంటనూనెను మళ్లీ మళ్లీ కాచేకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు (మొత్తం పోలార్ సమ్మేళనాలు) 25 శాతం దాటకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. కానీ ఆ నూనె ఎన్నిసార్లు కాగిందో పళ్లెంలో బజ్జీని చూసి చెప్పలేం.

ఇక్కడి పెళ్లి విస్తళ్లలో కనిపించే కోసంబరి మన వడపప్పుకు దగ్గరి చుట్టం. పదిమందికి పావుకిలో పెసరపప్పు 45 నిమిషాలు నానబెట్టాలి. పలుకును గోటితో నొక్కితే పుటుక్కున విరగాలి, మెత్తగా చితికిందంటే ఎక్కువ నానినట్టే. నీళ్లు పూర్తిగా వడకట్టి, రెండు కీరాలు సన్నగా తరిగి, ఒక క్యారెట్, అరచిప్ప కొబ్బరి తురిమి కలపండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, పచ్చిమిర్చి, ఇంగువ పోపు చాలు. చాలామంది ఉప్పు ముందే వేసేస్తారు. అది కీరాలోని నీటిని లాగేస్తుంది, అరగంటకు గిన్నె అడుగున నీళ్లు చేరతాయి. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందే వేయండి.

వేడిగా కావాలంటే గుంతపొంగనాలు వేయండి. మూడు కప్పుల పులిసిన దోసెపిండికి ఒక కప్పు రాగిపిండి కలిపి అరగంట ఉంచాలి. రాగి నీళ్లు పీల్చుకుంటుంది కనుక తర్వాత మళ్లీ కాస్త నీళ్లు పోయాలి. గుంతకు నాలుగైదు చుక్కల నూనె సరిపోతుంది. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి, సన్నని సెగపై మూతపెట్టి కాల్చండి.

మయోనైజ్ బదులు, గుడ్డలో మూటగట్టి నీరు వార్చిన పెరుగులో పుదీనా, వెల్లుల్లి నూరి కలిపితే పిల్లలు ఇష్టంగా అద్దుకుంటారు.

– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు