పరిశోధన సీసా ఫ్రిజ్‌లోకి ఎలా వచ్చింది?

సంపాదకులకు నమస్కారం.

మా అక్క కొడుకు రోజూ జిమ్‌కి వెళ్తాడు. మొన్న వాళ్లింటి ఫ్రిజ్‌లో తెల్లటి పొడి ఉన్న చిన్న సీసా కనిపించింది. దాని మీద ఇపామోరెలిన్ అనీ, కింద సన్నటి అక్షరాల్లో 'పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడకూడదు' అనీ ఉంది. ఇదేంట్రా అని అడిగితే, "ఇది గ్రోత్ హార్మోన్ కాదు పిన్నీ, మన ఒంట్లో ఉన్నదాన్నే పెంచుతుంది, న్యాచురల్" అన్నాడు.

వాడు చెప్పినదాంట్లో సగం నిజం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్‌ని 1999లో కనిపెట్టారు. దాని పనినే చేసే ఇపామోరెలిన్ లాంటి పెప్టైడ్లు (ప్రోటీన్ల తరహాలోనే ఉండే చిన్న అణువులు) మెదడు కింద ఉండే పీయూష గ్రంథిని తట్టి గ్రోత్ హార్మోన్ విడుదల చేయిస్తాయి. రక్తంలో అది పెరగడం కూడా నిజమే. కానీ రక్తపరీక్షలో అంకె పెరిగితే బలం పెరిగినట్టేనా?

ఎంకే-677 సంగతి చూడండి. అది పెప్టైడ్ కాదు, నోటితో వేసుకునే మందు, కానీ పనిచేసేది గ్రెలిన్ దారిలోనే. ఆరోగ్యంగా ఉన్న 65 మంది పెద్దవాళ్లకు ఇచ్చి చూసిన ఫలితాలు 2008లో వచ్చాయి. ఏడాదికి కొవ్వు కాని శరీర బరువు కిలోకి కాస్త పైగా పెరిగింది. బలం మాత్రం పెరగలేదు, పరగడుపు షుగర్ పెరిగింది. తుంటి ఎముక విరిగినవాళ్ల మీద జరిగిన మరో పరీక్షని గుండె వైఫల్యం భయంతో మధ్యలోనే ఆపేశారు. ఇక మా వాడి ఇపామోరెలిన్‌ని ఆపరేషన్ తర్వాత పేగులు త్వరగా కదలడానికి పరీక్షించారు. అక్కడా చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. కండల కోసం ఏళ్ల తరబడి పొడుచుకుంటే ఏమవుతుందో తేల్చిన పెద్ద పరీక్ష లేదు.

గ్రోత్ హార్మోన్‌ని విడుదల చేయించే మందులన్నీ పనికిరానివని నేననడం లేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో పొట్టలో పేరుకునే కొవ్వుకి టెసామోరెలిన్‌ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లో అనుమతించింది. పెద్దవాళ్లలో గ్రోత్ హార్మోన్ లోపాన్ని గుర్తించే పరీక్ష కోసం మాసిమోరెలిన్‌కి 2017లో అనుమతి వచ్చింది. ఒక్కోదానికీ ఫలానా జబ్బు, ఫలానా మోతాదు, చూసుకోవడానికి డాక్టరు ఉన్నారు.

నాకు కోపం తెప్పించేది అమ్మేవాళ్ల తీరు. మనుషులు వాడకూడదని రాసి, ఆ సీసాతోనే సిరంజీలు, మోతాదు పట్టిక పంపిస్తారు. సీసాలో నిజంగా ఏముందో, సూక్ష్మక్రిములు లేకుండా నింపారో లేదో కొన్నవాడికి తెలిసే దారి లేదు. ఆ పిల్లవాడు ఇంట్లో నీళ్లు కలిపి పొట్ట చర్మంలోకి ఎక్కించుకుంటున్నాడు. పోటీలకు వెళ్లేవాడైతే ఇంకో దెబ్బ: ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వీటిని పోటీ సమయంలోనే కాదు, ఎప్పుడూ వాడకూడదని నిషేధించింది.

సిరంజీతో కలిపి అమ్మేదాన్ని మందుగానే లెక్కగట్టి, మందుల చట్టం కిందే పట్టుకోవాలని ఔషధ నియంత్రణ అధికారులను కోరుతున్నాను. యవ్వనం తెచ్చే ఇంజెక్షన్ల గురించి పత్రికలు రాసేటప్పుడు ఎంతమంది మీద, ఎన్నాళ్లు పరీక్షించారో కూడా అచ్చు వేయండి.

ఇప్పటికే వాడుతున్న పిల్లలు భయపడి దాచుకోకుండా ఆ సీసా డాక్టరుకి చూపించండి. మా వాడు నిన్న చూపించాడు. షుగర్ పరీక్ష రాశారు, రిపోర్టు ఇంకా రావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు